పిలుపు, హోదా, బిరుదు: మధ్యయుగ పునరభినయం మనకు చెప్పే సంగతులు

చరిత్ర గ్రంథాలు రాజుల పేర్లు చెబుతాయి, యుద్ధాల సంవత్సరాలు చెబుతాయి, దానశాసనాల వివరాలు చెబుతాయి. ఆ రాజు ఎదుట నిలబడ్డ మనిషి నోరు తెరిచి మొదట ఏ మాట అన్నాడో మాత్రం అరుదుగా చెబుతాయి. పాతకాలపు దుస్తులు ధరించి ఆ కాలంలోకి దిగి నటించాలనుకునేవారికి మొట్టమొదట కావలసింది ఆ మాటే. కత్తి ఎలా పట్టాలో ఆ తర్వాత నేర్చుకోవచ్చు. ఎదుటివారిని ఏమని పిలవాలో తెలియకపోతే ఆట మొదలుకాదు.

పాశ్చాత్య దేశాల్లో మధ్యయుగ జీవితాన్ని వేషభాషలతో తిరిగి నడిపించే సంఘాలు చాలా ఉన్నాయి. దీన్ని మేము ఇక్కడ ‘పునరభినయం’ అంటున్నాం. ఇది నాటకం కాదు. ముందే రాసిపెట్టిన సంభాషణలు ఉండవు, రంగస్థలం ఉండదు, ప్రేక్షకులు వేరుగా ఉండరు. వచ్చిన ప్రతివారూ పాత్రధారులే. ఇలాంటిచోట హోదాలు, పిలుపులు ఎలా ఏర్పడతాయో గమనిస్తే మన సొంత చరిత్రలో నాయకుడు, దొర, రాయలు, గారు వంటి మాటలు ఎలా పుట్టి ఎలా మారాయో అర్థం చేసుకోవడానికి ఒక దారి దొరుకుతుంది. తమిళనాడులోనో, కర్ణాటకలోనో, ఒడిశాలోనో పుట్టి పెరిగి, ఇంటిపేరులో ఒక బిరుదును మోస్తూ దాని వెనక ఉన్న కథ తెలియని విద్యార్థులకు ఈ దారి ప్రత్యేకంగా ఉపయోగపడుతుందని మా అభిప్రాయం.

ముందుగా మూడు మాటలను వేరుచేసి చూద్దాం. హోదా అంటే వ్యవస్థలో మనిషి స్థానం. బిరుదు అంటే ఆ మనిషి పేరు వెనకో ముందో చేర్చి చాటే మాట. పిలుపు, అంటే సంబోధన, ముఖాముఖి మాట్లాడేటప్పుడు వాడేది. ఇంగ్లీషులో ‘డ్యూక్’ హోదా. ఆయన్ని ఎదురుగా పిలిచేది ‘యువర్ గ్రేస్’ అని. మన వైపు ‘మూరురాయర గండ’ బిరుదు. ‘దేవర’, ‘ఏలినవారు’ పిలుపులు. ఈ మూడూ కలిసి ప్రయాణం చేయవు. ఒకటి పెరుగుతుంటే మరొకటి తరిగిపోవచ్చు. ఈ వ్యాసమంతా ఆ తేడా మీదనే నడుస్తుంది.

రెండు పునరభినయాలు

1839 ఆగస్టులో స్కాట్లండులోని ఎగ్లింటన్ కోట దగ్గర ఒక మధ్యయుగ పోటీ ఏర్పాటు చేశారు. వాల్టర్ స్కాట్ నవల ‘ఐవన్హో’ వంటివి పెంచిన మోజు అప్పటికి బాగా ఊపు మీద ఉంది. కవచాలు తొడిగి గుర్రాలెక్కినవారు నిజంగానే ప్రభువంశీకులు. పుట్టుకతో బిరుదులున్నవారే ఆ రోజుకు వేరే కల్పిత నామాలు పెట్టుకున్నారు. జోరువాన కురిసి ప్రదర్శన బురదపాలయింది. చేజారిపోతున్న ఆధిక్యాన్ని పాత వేషంలో ఒకసారి చూసుకోవాలన్న కోరిక ఆ వేడుకలో ఉందని చరిత్రకారులు అంటారు.

రెండవది 1966 మే 1న అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్క్లీలో జరిగింది. మధ్యయుగ సాహిత్యం మీద ఇష్టం ఉన్న విద్యార్థులు, వారి మిత్రులు ఒక ఇంటి పెరట్లో సరదాగా పోటీ పెట్టుకున్నారు. అందులోనుంచి ‘సొసైటీ ఫర్ క్రియేటివ్ ఎనాక్రనిజమ్’ అనే సంఘం పుట్టింది. ఎనాక్రనిజమ్ అంటే ఒక కాలపు వస్తువు మరో కాలంలో కనిపించడం, కాలవిరుద్ధత. తమది కాలవిరుద్ధమైన పని అని పేరులోనే ఒప్పుకున్న సంఘం ఇది. 1968లో చట్టబద్ధంగా నమోదయింది. పదిహేడవ శతాబ్దానికి ముందున్న కాలాన్ని తన పరిధిగా పెట్టుకుంది. నేడు తన సభ్యులున్న ప్రాంతాలను 20 ‘రాజ్యాలు’గా విభజించుకుని నడుస్తోంది. పెన్సిల్వేనియాలో 1972 నుంచి జరుగుతున్న ‘పెన్సిక్ యుద్ధం’ అనే వేసవి సమావేశానికి 10,000 మందికి పైగా వచ్చిన సంవత్సరాలున్నాయి.

ఎగ్లింటన్‌లో బిరుదు పుట్టుకతో వచ్చింది. బర్క్లీలో బిరుదును సంపాదించుకోవాలి. పోటీలో పేము కర్రలతో చేసిన కత్తులతో పోరాడి గెలిచినవారు రాజవుతారు. చాలా రాజ్యాల్లో ఆ ఏలుబడి ఆరు నెలలే. గడువు ముగిశాక దిగిపోవాలి. ఒకసారి ఏలి దిగినవారికి ‘కౌంట్’ హోదా, రెండుసార్లు ఏలినవారికి ‘డ్యూక్’ హోదా వస్తాయి. పోరాటంలో నేర్పు ఉన్నవారిని ‘నైట్’ చేస్తారు. తెల్లని నడుంపట్టీ, మెడలో గొలుసు, మడమలకు ముళ్లు ఆ హోదాకు గుర్తులు. కళల్లో, చేతిపనుల్లో పాండిత్యం ఉన్నవారికి ‘లారెల్’ అనే గౌరవం, వంటశాల నుంచి లెక్కల దాకా ఏళ్ల తరబడి సేవ చేసినవారికి ‘పెలికన్’ అనే గౌరవం ఉన్నాయి. వీటికన్నా కింది మెట్టులో ‘లార్డ్’, ‘లేడీ’ అని పిలిపించుకునే అర్హత ఇచ్చే పత్రం ఉంది. పేర్లను, చిహ్నాలను పరిశీలించి నమోదు చేయడానికి ఒక ప్రత్యేక విభాగం పనిచేస్తుంది. తనకు రాని హోదాను సూచించే పేరును ఎవరు పెట్టుకోబోయినా ఆ విభాగం ఒప్పుకోదు.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. సభ్యులు అందరూ కులీనులే అన్న భావనతో ఈ ఆట మొదలవుతుంది. ఏ బిరుదూ లేని కొత్తవారిని కూడా మర్యాదకు ‘మై లార్డ్’, ‘మై లేడీ’ అనే పిలుస్తారు. మధ్యయుగంలో నూటికి తొంభైమంది పొలాల్లో పనిచేసినవారు. ఈ పునరభినయంలో ఆ తొంభైమంది దాదాపు లేరు. పిలుపులను గురించి మాట్లాడేటప్పుడు ఈ లోటును మరచిపోకూడదు. దీనికి చివర మళ్లీ వస్తాం.

మాటల పుట్టుక, మాటల పతనం

ఈ బిరుదుల మూలార్థాలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ‘లార్డ్’ అన్నది ప్రాచీన ఇంగ్లీషులో ‘రొట్టెను కాపాడేవాడు’ అన్న సమాసం. ‘లేడీ’ అంటే ‘రొట్టె పిండి పిసికేది’. అన్నం పెట్టేవాడే ప్రభువు అన్న భావం మనకు కొత్తది కాదు. ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ అన్న సామెతలో ఉన్నది ఆ విధేయతే. ‘కౌంట్’ అన్నది లాటిన్‌లో ‘వెంట ఉండేవాడు, సహచరుడు’ అన్న మాట నుంచి వచ్చింది. ‘డ్యూక్’ అన్నది ‘నడిపించేవాడు’ అన్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ‘సర్’, ఫ్రెంచి ‘మొస్యే’, స్పానిష్ ‘సెన్యోర్’ మూడింటికీ మూలం ఒకటే: ‘వయసులో పెద్దవాడు’ అన్న లాటిన్ మాట. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో కచేరీ కాగితాల మీద ‘మొస్యే’ చూసిన తరం, వీధిలో ‘పెద్దాయన’ అని పిలిచిన తరం ఒకటే. రెండు మాటల లోపలి అర్థమూ ఒకటే.

అర్థ విపరిణామం అధ్యాయంలో మన విద్యార్థులు అర్థోత్కర్షకు ‘సభికులు’, అర్థాపకర్షకు ‘ఛాందసుడు’ అని ఉదాహరణలు చదువుకుంటారు. ‘నైట్’ వాటి పక్కన పెట్టదగ్గది. ప్రాచీన ఇంగ్లీషులో ఆ మాటకు ‘కుర్రవాడు, పనివాడు’ అని అర్థం. అదే మూలం నుంచి వచ్చిన జర్మన్ మాట ‘క్నెష్ట్’ ఈనాటికీ ‘సేవకుడు’ అన్న అర్థంలోనే మిగిలింది. ఒకే మాట ఒక దేశంలో గుర్రమెక్కింది, పక్క దేశంలో గుర్రానికి గడ్డి వేస్తూ ఉండిపోయింది. ఇంగ్లీషులోనే ‘నేవ్’ అన్న మరో మాటకూ మొదట ‘కుర్రవాడు’ అనే అర్థం. అది ‘దుర్మార్గుడు’గా దిగజారింది.

బిరుదులకు వయసు కూడా ఉంటుంది. ఇంగ్లండులో మొదటి డ్యూక్ హోదా 1337లోనూ, మొదటి మార్క్విస్ హోదా 1385లోనూ, మొదటి వైకౌంట్ హోదా 1440లోనూ వచ్చాయి. బారొనెట్ అన్నది 1611లో పుట్టింది. ‘యువర్ మెజెస్టీ’ అన్న సంబోధన ఇంగ్లండు రాజుకు స్థిరపడడం పదహారవ శతాబ్దంలో, ఎనిమిదవ హెన్రీ కాలం నుంచి. అంతకు ముందు రాజును కూడా ‘యువర్ గ్రేస్’ అనేవారు. రాజు కొత్త మాట తీసుకున్నాక పాత మాట క్రమంగా డ్యూకుల స్థాయికి దిగింది. కనుక పన్నెండవ శతాబ్దపు కవచం తొడిగి రాజును ‘యువర్ మెజెస్టీ’ అని పిలిచే పునరభినేత నాలుగు వందల ఏళ్లు ముందుకు దూకినట్టే. సంఘం ఇది తెలిసే చేస్తుంది. వేర్వేరు శతాబ్దాల వేషాలు ఒకే సభలో కూర్చున్నప్పుడు ఏదో ఒక ఉమ్మడి మర్యాద ఉండాలి కదా.

‘దౌ’, ‘యూ’, నువ్వు, మీరు

పునరభినయంలోకి కొత్తగా వచ్చినవారు చేసే ఒక పొరపాటును భాషాశాస్త్రం చదివేవారు తప్పక గమనించాలి. పాత ఇంగ్లీషు అనగానే వారికి గుర్తొచ్చేది ‘దౌ’, ‘దీ’ అనే సర్వనామాలు. ప్రార్థనల్లో, కవిత్వంలో విన్న మాటలు కనుక అవి ఎంతో గౌరవమైనవని అనుకుని, రాజుగారి ఎదుట ‘దౌ’ అంటారు. వాస్తవం దీనికి సరిగ్గా తలకిందులు. ‘దౌ’ ఏకవచనం, మన ‘నువ్వు’ లాంటిది. ‘యూ’ బహువచనం, మన ‘మీరు’ లాంటిది. పదమూడవ శతాబ్దం తర్వాత ఫ్రెంచి ప్రభావంతో పైవారిని బహువచనంతో పిలవడం ఇంగ్లీషులో వ్యాపించింది. క్రమంగా ‘దౌ’ అన్నది కిందివారికీ, సన్నిహితులకూ, దేవుడికీ మిగిలింది. 1603లో వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగినప్పుడు ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ నిండు న్యాయస్థానంలో ఆయన్ని ‘దౌ’ అని సంబోధించి, అలా సంబోధిస్తున్నానని మరీ చెప్పి అవమానించాడు. అదే శతాబ్దంలో క్వేకర్లు అనే మతవర్గంవారు మనుషులంతా సమానమంటూ అందరినీ ‘దౌ’ అనే పిలిచారు. అందుకు దెబ్బలు కూడా తిన్నారు. కాలక్రమంలో సమానత్వం వచ్చింది కాని వారు అనుకున్న దారిలో రాలేదు. ఇంగ్లీషు అందరినీ ‘నువ్వు’కు దించలేదు, అందరినీ ‘మీరు’కు ఎత్తింది.

రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసం ఈ సర్వనామాల వెనక రెండు శక్తులున్నాయని చెప్పింది. ఒకటి అధికారం, రెండవది సాన్నిహిత్యం. అధికారం ఉన్నచోట పైవారు ‘నువ్వు’ అంటారు, కిందివారు ‘మీరు’ అంటారు. పిలుపు ఒకవైపే బరువుగా ఉంటుంది. సాన్నిహిత్యం ఉన్నచోట ఇద్దరూ ‘నువ్వు’ అనుకుంటారు.

తెలుగువారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. దేవుణ్ని ‘నువ్వు’ అంటాం, పక్కింటి మేస్టారిని ‘మీరు’ అంటాం. ఆ కారణంగా మేస్టారు దేవుడికన్నా గొప్పవాడని ఎవరూ అనుకోరు. మనకు ఆ తేడా ఇంకా బతికి ఉంది కనుక పొరబడం. ఇంగ్లీషువారికి తేడా చచ్చిపోయింది కనుక పొరబడతారు. అయితే మనమూ మరోచోట పొరబడే అవకాశముంది. మన ప్రాచీన కావ్యభాషలో రాజునైనా దేవుణ్నయినా ‘నీవు’ అనే సంబోధించారు. గౌరవ బహువచనం తర్వాతి కాలంలో బలపడిన మర్యాద. పౌరాణిక నాటకాల్లో, సినిమాల్లో వినిపించే ఆస్థాన సంభాషణ చాలావరకు రంగస్థలం తయారుచేసుకున్న భాష. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సంప్రదాయం నుంచి, 1951 నాటి ‘పాతాళభైరవి’, 1957 నాటి ‘మాయాబజార్’ దాకా మన చెవులకు అలవాటైన ‘ప్రభూ’, ‘మహారాజా’ అన్న పిలుపులు మనల్ని అలరించాయి. అవే కాకతీయుల సభలోనూ వినిపించాయని అనుకుంటే, ‘దౌ’ విషయంలో ఇంగ్లీషువారు చేసే పొరపాటే మనమూ చేస్తాం.

తెలుగు వేషానికి ఏ బిరుదు?

బర్క్లీలో పుట్టిన సంఘం ప్రధానంగా ఐరోపా మధ్యయుగానికి సంబంధించినదే అయినా ఇతర దేశాల వేషాలకూ చోటిచ్చింది. స్కాండినేవియా వేషం కట్టినవారు కౌంటుకు బదులు ‘యార్ల్’ అనిపించుకోవచ్చు. అటువంటి ప్రత్యామ్నాయాల జాబితాలు ఉన్నాయి. మరి విజయనగర కాలపు తెలుగు వేషం కట్టిన విద్యార్థికి డ్యూక్ హోదా వస్తే ఏమని పిలవాలి? 1520 ప్రాంతంలో డొమింగో పయస్, ఆ తర్వాత ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసువారు విజయనగరాన్ని చూసి రాశారు కనుక ఇది బొత్తిగా ఊహాలోకపు ప్రశ్న కాదు.

మొదట తోచే జవాబు ‘నాయకుడు’. ధాతువు చూస్తే అతికినట్టు సరిపోతుంది. సంస్కృతంలో ‘నీ’ అంటే నడిపించడం. లాటిన్ ‘డ్యూక్స్’ కూడా నడిపించేవాడే. అర్థం ఒకటే అయినా స్థానం మాత్రం ఒకటి కాదు. కాకతీయ కాలపు శాసనాలను గణించి చదివిన సింథియా టాల్బట్ తన 2001 నాటి గ్రంథంలో ఒక ముఖ్యమైన సంగతి చూపారు. నాయక, రెడ్డి, సెట్టి, బోయ, లెంక వంటి మాటలు ఆనాడు ఈనాటి అర్థంలో కులనామాలు కావు. అవి వృత్తినీ హోదానూ చెప్పేవి. ఒకే కుటుంబంలో వేర్వేరు మనుషుల పేర్ల వెనక వేర్వేరు మాటలు రావచ్చు. సైనిక సేవలో ఎదిగినవాడు నాయకుడయ్యేవాడు. అంటే ఏడెనిమిది వందల ఏళ్ల కిందట తెలుగునేల మీద కొన్ని బిరుదులు పుట్టుకతో కాక పనితో సంపాదించుకోగలిగినవి.

అదే మాట తర్వాత ఎక్కడెక్కడికి వెళ్లిందో చూడండి. పదహారవ శతాబ్దంలో మధుర, తంజావూరు, సెంజి ఏలిన తెలుగు ప్రభువులు నాయకులు. కర్ణాటకలో కెళది ప్రభువులు, చిత్రదుర్గ పాళెగాండ్రు నాయకులు. తెలుగులో నాయుడు, తమిళంలో నాయక్కర్, ఒడిశాలోనూ మహారాష్ట్రలోనూ నాయక్ లేక నాయీక్ అన్న ఇంటిపేర్లు. లంబాడీ తండా పెద్ద నాయక్. భారత సైన్యంలో నాయక్ అంటే హవల్దారు కన్నా కింద ఉండే చిన్న హోదా. మధుర సింహాసనం నుంచి సైన్యంలో కింది మెట్టు దాకా ఒక్క మాట దిగివచ్చింది. లాటిన్ ‘డ్యూక్స్’ కూడా ఇలాగే చీలింది. ఇంగ్లండులో డ్యూక్ అయింది, వెనిస్‌లో ‘డోజ్’ అయింది, ఇరవయ్యవ శతాబ్దపు ఇటలీలో ముస్సోలినీ పెట్టుకున్న ‘దూచే’ అయింది.

పోనీ ‘మహామండలేశ్వర’ అందామా? ఇదీ నిలకడలేని మాటే. కళ్యాణి చాళుక్యుల కింద సామంతులుగా ఉన్నప్పుడు కాకతీయులు ధరించిన బిరుదు ఇది. స్వతంత్రులయ్యాక కూడా చాలా శాసనాల్లో దాన్నే కొనసాగించారు. విజయనగర స్థాపకులు హరిహర, బుక్కరాయలు కూడా మొదట మహామండలేశ్వరులే. రెండవ హరిహరుడి కాలానికి (1377-1404) మహారాజాధిరాజ బిరుదు స్థిరపడింది. పదహారవ శతాబ్దానికి వస్తే రాయలకు లోబడ్డ ప్రభువుల పేర్ల ముందు మహామండలేశ్వర కనిపిస్తుంది. రాజు వదిలిన బిరుదు సామంతుడికి చేరింది. ‘యువర్ గ్రేస్’ రాజు నుంచి డ్యూకుకు దిగినట్టే ఇది. పట్టికలో ఎడమవైపు ఇంగ్లీషు బిరుదు, కుడివైపు తెలుగు బిరుదు రాసేవారు ఏ శతాబ్దపు విలువను రాస్తున్నారో చెప్పకపోతే ఆ పట్టికకు అర్థం లేదు.

బిరుదు ఒకే భాషకు కట్టుబడి ఉండేదీ కాదు. విజయనగర రాయల బిరుదుల్లో ‘అరిరాయ విభాడ’ ఉంది, కన్నడంలో ‘మూరురాయర గండ’, ‘భాషెగె తప్పువ రాయర గండ’ ఉన్నాయి, ‘హిందూరాయ సురత్రాణ’ ఉంది. ‘సురత్రాణ’ అన్నది ‘సుల్తాన్’ అన్న అరబ్బీ మాటకు సంస్కృతం తొడిగిన వేషం. ‘గండ’ అంటే మగడు, వీరుడు. ‘వాడికి నువ్వే మొగుడివి’ అని ఈనాడు మనం వీధిలో అనే మాటకూ ‘ముగ్గురు రాజులకు గండడు’ అన్న రాజబిరుదుకూ భావంలో తేడా లేదు. మరోవైపు ఒడిశాలో 1434-35 ప్రాంతంలో రాజ్యానికి వచ్చిన కపిలేంద్రుడి వంశం ‘గజపతి గౌడేశ్వర నవకోటి కర్ణాట కలబర్గేశ్వర’ అని చాటుకుంది. రాజ్యం ఏనాడో పోయినా పూరీలో గజపతి అన్న పేరు ఇంకా బతికే ఉంది. రథయాత్రలో ఆయన చేసే పని రథాన్ని చీపురుతో ఊడ్వడం. బిరుదు ఎంత పెద్దదో పని అంత వినయమైనది.

స్త్రీల విషయం కూడా చెప్పాలి. రుద్రమదేవిని శాసనాలు ‘రుద్రదేవ మహారాజు’ అని పురుషనామంతో పేర్కొన్నాయి. హోదాకు లింగం ముందే నిర్ణయమైపోయినప్పుడు ఆ హోదాలోకి వచ్చిన స్త్రీ పేరు మార్చుకోవలసి వచ్చింది. పునరభినయ సంఘంలో నైట్ హోదా పొందిన స్త్రీలలో చాలామంది ‘సర్’ అనే పిలిపించుకున్నారు. ‘డేమ్’ అన్న మాటను ఎంచుకున్నవారూ ఉన్నారు. ఏడు వందల ఏళ్ల దూరంలో వచ్చిన చిక్కు ఒకటే. మాట హోదాను అనుసరించాలా, మనిషిని అనుసరించాలా?

పట్టికను అధికారం రాసినప్పుడు

బిరుదులకు సమానార్థకాలు వెతకడం ఆటలో సరదా. అధికారం ఆ పని చేసినప్పుడు సరదా ఉండదు. 1877 జనవరి 1న విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటిస్తూ లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపాడు. అది కూడా ఒక మధ్యయుగ పునరభినయమే. దాని కోసం మన సంస్థానాధీశులకు ఐరోపా పద్ధతిలో చిహ్నాలు కల్పించి పట్టు పతాకాల మీద కుట్టించారు. రాబర్ట్ టేలర్ అనే బెంగాలు సివిల్ సర్వీసు ఉద్యోగి సుమారు 90 పతాకాలకు రూపకల్పన చేశాడు. బెర్నార్డ్ కోన్ అనే చరిత్రకారుడు ఈ తంతును విపులంగా చర్చించాడు. ఎవరికి ఎన్ని ఫిరంగుల వందనమన్న లెక్కతో రాజుల అంతస్తు తేల్చారు. నిజాముకు 21. మైసూరుకు 21. 1918లో నిజాముకు మరెవరికీ లేని ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ అన్న సంబోధన ఇచ్చారు. కింది మెట్లలో రావు సాహెబు, రావు బహదూరు, దివాన్ బహదూరు వచ్చాయి.

ఇచ్చేవాడు ఎప్పుడూ పైన ఉంటాడు. పుచ్చుకున్నవాడు ఎంత ఎత్తుకు వెళ్లినా ఇచ్చినవాడి కిందే. బర్క్లీ సంఘంలో ఆరు నెలలకు రాజు మారతాడు కనుక ఆ బరువు ఎవరి మీదా స్థిరపడదు. ఒడిశాలోని బర్గఢ్‌లో జరిగే ధనుయాత్రను చూసిన మన విద్యార్థులకు ఈ తేడా బాగా తెలుస్తుంది. అక్కడ ఊరంతా మథుర అవుతుంది. కంసవేషధారి ఏనుగెక్కి తిరుగుతూ నిజమైన అధికారులను పిలిపించి ప్రశ్నిస్తాడు, జరిమానాలు వేస్తాడు. వారు ‘మహారాజా’ అని చేతులు కట్టుకుంటారు. యాత్ర చివర కంసుడు చనిపోతాడు. మర్నాడు అధికారి అధికారే, నటుడు నటుడే. వేషం తీసేయగలిగినంత కాలమే బిరుదు ఆట.

తీసేయలేని పిలుపు

ఇప్పుడు ఆ తొంభైమంది దగ్గరికి వద్దాం. ‘దొర’ అన్న మాట కన్నడంలో ‘దొరె’, తమిళంలో ‘తురై’. మూడు భాషల్లోనూ ప్రభువు. తెల్లవారు వచ్చాక వారూ దొరలయ్యారు. తెలంగాణ పల్లెల్లో అది భూస్వామికి పిలుపయింది. ‘నీ బాంచను దొరా, కాల్మొక్త’ అన్నది వినయవాక్యం కాదు, బానిసనని ఒప్పుకోవడం. బదులుగా వచ్చేది ‘ఏరా’, ‘ఒరే’. బ్రౌన్, గిల్మన్ చెప్పిన ఒకవైపు బరువుకు ఇంతకన్నా కఠినమైన ఉదాహరణ అక్కరలేదు. 1946-51 మధ్య సాగిన సాయుధ పోరాటంలో భూమి, వెట్టి ఎంత ముఖ్యమో ఈ పిలుపు అంత ముఖ్యం. వేషం తీసినంత తేలికగా తీసేయగలిగిన పిలుపు కాదది. దాన్ని వదిలించుకోవడానికి ప్రాణాలిచ్చారు.

1787లో రూపొందిన అమెరికా రాజ్యాంగం ప్రభుత్వం ప్రభుబిరుదులు ఇవ్వరాదని శాసించింది. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 18వ అధికరణంలో సైనిక, విద్యా గౌరవాలు తప్ప మరే బిరుదునూ ప్రభుత్వం ఇవ్వరాదని చెప్పింది. 1971లో 26వ సవరణ సంస్థానాధీశుల గుర్తింపును, రాజభరణాలను రద్దు చేసింది. పద్మ పురస్కారాలు బిరుదులు కావనీ, పేరుకు ముందూ వెనకా వాటిని తగిలించుకోరాదనీ సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. రాజ్యాంగం బిరుదును కాదన్న దేశంలోనే బిరుదుల ఆట హాయిగా సాగడం వింతేమీ కాదు. బిరుదు వల్ల ఎవరి పొలమూ పోదు, ఎవరి వీపూ వంగదు అన్న హామీ ఉన్నప్పుడే అది ఆటగా మిగులుతుంది. బిరుదును చట్టం రద్దు చేయగలదు. పిలుపును మాత్రం మనుషులే మార్చుకోవాలి.

ఈ పుటలు చదివే విద్యార్థులకు రెండు మాటలు చెబుతాం. మీ ఇంటిపేరులో నాయుడో, నాయక్కరో, రెడ్డో, సెట్టో ఉంటే దాన్ని పుట్టుకతో వచ్చిన కిరీటంగానూ చూడకండి, మాయని మచ్చగానూ చూడకండి. ఎవరో ఒకనాడు చేసిన పనికి గుర్తుగా మొదలై, తర్వాత గడ్డకట్టిన మాట అది. రెండవది, మీ ఇంటి తెలుగులో ‘గారు’ లేదనో, ‘మీరు’ తక్కువనో ఎవరైనా చిన్నచూపు చూస్తే తలవంచుకోకండి. తీరాంధ్ర మర్యాదే తెలుగు మర్యాద కాదు. పెద్దవారిని అన్న, అప్ప, అయ్య, అక్క, అవ్వ అని వరసపెట్టి పిలిచే ఇంట్లో గౌరవానికి వేరే ప్రత్యయం అక్కరలేదు.

హోసూరులోనో, బరంపురంలోనో, సోలాపూరులోనో, కోయంబత్తూరులోనో మీ ఇళ్లలో కోడలు మామగారిని ఏమంటుంది? భర్తను పిలవకుండా ఎలా పిలుస్తుంది? పొలంలో పనికి వచ్చినవారిని ఇంట్లోవాళ్లు ఏమంటారు, వారు ఇంట్లోవాళ్లను ఏమంటారు? మీ అమ్మమ్మ కాలానికీ మీ కాలానికీ ఇందులో ఏది మారింది? ఒక నోటుపుస్తకంలో ఊరు, తరం, పిలిచినవారు, పిలిపించుకున్నవారు అన్న నాలుగు గడులు గీసి రాసి పంపండి. ఇరువైపుల పిలుపూ రాయడం మరవకండి. ఒకవైపు మాత్రమే రాసిన పట్టికలు శాసనాల్లో ఇప్పటికే చాలా ఉన్నాయి.